తుమ్ము తర్వాత తిట్టు

పార్సిల్ తాళ్లు కోసి, అట్ట తెరిచానో లేదో, వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. వంటింట్లోంచి మా ఆవిడ అలవాటు కొద్దీ "చిరంజీవ" అంది. నాలుగోది కూడా వచ్చేసరికి గరిటె పట్టుకునే బయటికొచ్చి, "ఏం తెప్పించారండీ, మిరపకాయల బస్తానా?" అని అడిగింది.

బస్తా కాదు, నిఘంటువు. మా ఇంగ్లీషు మాస్టారిది. ఆయన పోయి నెలన్నర దాటింది. మోకాళ్ల నొప్పులతో పెద్దకార్యానికి వెళ్లలేకపోయాను. ఫోన్లో వాళ్లబ్బాయిని పలకరిస్తే, "నాన్నగారి పుస్తకాలు లైబ్రరీకి ఇచ్చేస్తున్నామండీ, మీకేమన్నా కావాలా?" అన్నాడు. ఆ లావు డిక్షనరీ ఇంకా ఉందా అన్నాను. ఉందిట. అట్ట ఊడిందిట, ఫర్వాలేదా అన్నాడు. మేం చదివే రోజుల్లోనే ఊడిపోయిన అట్ట అది.

పేజీల మడతల్లో గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. ముక్కుపొడుం. ఇన్నేళ్లయినా ఘాటు చావలేదు. దులుపుదామని బాల్కనీలోకి తీసుకెళ్లాను గానీ చేతులు రాలేదు. అప్పుడు చూశాను, అంచుల్లో పెన్సిల్ గీతలు. 'డోల్ట్' పక్కన 'సూ.రా.', 'డండర్‌హెడ్' పక్కన 'వెం.', దాని కింద 'మళ్లీ వెం.' కాసేపు పట్టింది అర్థం కావడానికి. అవి మా పేర్లు. ఎవణ్ణి ఏ తిట్టు తిట్టారో రాసుకున్నారు! ఒకడికే రెండుసార్లు పడకూడదనో, ఎవరికీ అన్యాయం జరక్కూడదనో, రేషన్ షాపు వాడు కార్డులో రాసినట్టు.

ఇక నా పేరు వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ వెతుకుతూ ఎక్కడెక్కడికో పోయాను. ఇదంతా ఆ పోవడమే.

*

మాస్టారు తిట్టడానికి ఒక పద్ధతి ఉండేది. తప్పు చదవగానే అరిచేవారు కాదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, మూత మీద గోటితో టక్ టక్ అని రెండుసార్లు కొట్టేవారు. ఒక పట్టు పొడుం. ముందు ఎడమ ముక్కు, తర్వాత కుడి ముక్కు. ఆపైన తల వెనక్కి వాల్చి, కప్పు పెంకుల కేసి చూస్తూ ఆగిపోయేవారు.

ఆ ఆగడమే శిక్ష. క్లాసులో చీమ చిటుక్కుమనేది కాదు. కిటికీ బయట కాలవ మీద పడవ లాగేవాళ్ల కేక, పక్క దొడ్లో ఎవరో గునపం మీద కొబ్బరికాయ వలుస్తున్న చప్పుడు, అన్నీ వినబడేవి. తప్పు చదివినవాడు నిలబడే ఉండేవాడు. అప్పుడు వచ్చేది తుమ్ము. కాలవ అవతలి గట్టు మీద మేసే గేదె తలెత్తేది అంటే అతిశయోక్తి అనుకోకండి, నేను చూశాను. తుమ్ము అయ్యాక రుమాలు. రుమాలు మడిచాక తిట్టు.

"నిన్‌కంపూప్!"

పరమ గంభీరంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. అంతే. బెత్తం వాడింది నేనెప్పుడూ చూడలేదు. లెక్కల మాస్టారి దగ్గర తొడపాశం, డ్రిల్లు మాస్టారి దగ్గర గోడకుర్చీ, తెలుగు పంతులుగారి దగ్గర 'శుంఠా' అనే కేకతో పాటు పేము బెత్తం. ఇంగ్లీషు మాస్టారి దగ్గర మాత్రం తుమ్మూ, తిట్టూ.

ఆ తిట్లు మా చెవుల్లో పడేసరికి ఏవేవో అయిపోయేవి. 'బ్లాక్‌హెడ్' అనగానే సూర్యారావు సిగ్గుపడ్డాడు. కొబ్బరినూనె కారేలా రాసి దువ్విన నల్లటి జుట్టు వాడిది, మాస్టారు మెచ్చుకున్నారనుకున్నాడు. 'నమ్‌స్కల్' అంటే రెండు చేతులూ జోడించి "నమస్కారమండీ" అన్నవాడు నిజంగా ఉన్నాడు. వాడు నేనే. 'నిన్నీ' అంటే, "నన్నేనాండీ?" అని లేచి నిలబడేవాళ్లం. 'సింపుల్టన్' ఏదో టన్నుల్లో తూచే సరుకు అనుకున్నాం. నిన్‌కంపూప్‌లో కంపు ఎలాగూ ఉంది కాబట్టి క్లాసంతా ముక్కులు మూసుకునేది.

ఇంటర్వెల్లో వాటితో గోళీలాడినట్టే ఆడుకునేవాళ్లం. "నీ డోల్టు నాకియ్యి, నా బూబీ నువ్వు తీసుకో." కొత్త తిట్టు సంపాదించినవాడికి ఆ రోజంతా గౌరవమే. ఒక విషయం తర్వాత గమనించాం. క్లాసులో నిజంగా వెనకబడినవాళ్లని, అక్షరాలు కూడబలుక్కునేవాళ్లని, ఆయన తిట్టేవారు కాదు. వాళ్లని "బాబూ, కూర్చో" అనేవారు. తిట్లన్నీ ముందు బెంచీల వాళ్లకే.

*

ఇంట్లో అమ్మ తిట్లు వేరు. చవట, వాజమ్మ, దద్దమ్మ, ముద్దపప్పు, బడుద్ధాయి. కోపం ముదిరితే మొద్దు రాచ్చిప్ప.

రాచ్చిప్ప అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మెత్తటి రాతిని తొలిచి చేసిన గిన్నె. మా ఇంట్లో పులుసు అందులోనే కాగేది. వేడెక్కడానికి బోలెడు పుల్లలు తినేది, ఎక్కాక మటుకు పొయ్యి మీంచి దించినా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉండేది. అమ్మ దాన్ని తిట్టుగా వాడేది గానీ, వంట విషయంలో దానిమీద ఈగ వాలనిచ్చేది కాదు.

అమ్మ తిట్టు తగిలేది. అన్నం మానేసి పడుకోబెట్టే తిట్టు అది. వాజమ్మ అంటే ఏమిటో నాకు అప్పటికీ తెలియదు, కానీ అది నేనే అని తెలుసు. డండర్‌హెడ్ ఎవరో మాకెవరికీ తెలియదు. ఎవడో దూరదేశపు మనిషి. మాస్టారు కాసేపు వాడి చొక్కా మాకు తొడిగి, బెల్లు కొట్టగానే విప్పేసేవారు.

*

నా లెక్కల పుస్తకం చివరి పేజీలో తిట్లన్నీ రాసుకునేవాణ్ణి. పదిహేడు పోగయ్యాక, స్కూల్లో ఉన్న చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో అర్థాలు చూశాను. డోల్ట్: మూఢుడు. డన్స్: మందమతి. నిన్నీ: మూఢుడు. బూబీ: మూర్ఖుడు. నమ్‌స్కల్: మూఢుడు. ఇదేం భాష, ఒక్క మూఢుడి కోసం ఇన్ని మాటలా? నాకు కోపం వచ్చింది. వెళ్లి మాస్టార్నే అడిగాను.

ఆయన డబ్బా తీయలేదు. "మీ అమ్మగారు చవట అన్నప్పుడూ, ముద్దపప్పు అన్నప్పుడూ ఒకటే కోపమా?" అన్నారు.

ఆలోచించాను. కాదు. చవట అంటే బొత్తిగా పనికిరాలేదని. ముద్దపప్పు అంటే మంచివాడే గానీ కదలడని. ముద్దపప్పు అన్నరోజు నెయ్యి కూడా వేస్తుంది.

"ఇదీ అంతే" అని ఆ రోజు పాఠం పక్కన పెట్టేసి, ఇదిగో ఈ లావు డిక్షనరీ తెరిచారు. 'బ్లాక్' అంటే నలుపు కాదురా, కొయ్యమొద్దు. టోపీలూ పెట్టుడు జుట్టూ తగిలించే కొయ్యతల. పైకి దొరలా ఉంటుంది, లోపల చెక్క. సూర్యారావు మొహం మాడిపోయింది. నమ్‌స్కల్ అంటే తిమ్మిరెక్కిన పుర్రె. ఆడిల్‌పేట్ అంటే మురిగిన గుడ్డులాంటి తలకాయ, ఊపితే లోపల చప్పుడౌతుంది. బూబీ ఒక సముద్రపు పిట్ట. ఓడ మీద వాలి, మనిషి దగ్గరికొచ్చినా ఎగరదు, చేత్తో పట్టుకోవచ్చు. స్పెయిన్ వాళ్ల మాటలో బోబో అంటే తెలివితక్కువ దద్దమ్మ. ఓఫ్ అంటే, మన బిడ్డని ఎత్తుకుపోయి ఊయల్లో దయ్యాలు వదిలిపెట్టిన వాళ్ల బిడ్డ. స్టుపిడ్ తిట్టే కాదుట మొదట్లో, లాటిన్లో నిర్ఘాంతపోయి కొయ్యబారిన మనిషిట.

"నైస్ అంటేనో చెప్పండ్రా?"

"మంచిదండీ!" అని క్లాసంతా.

"ఏమీ తెలియనివాడు. అదీ పుట్టుక. నేను నైస్ బాయ్ అన్నప్పుడు ఇకనుంచి జాగ్రత్త."

అన్నిట్లోకీ మాకు నచ్చింది 'ఫూల్'. అది లాటిన్ 'ఫోలిస్' నుంచి వచ్చింది, అంటే తోలుతిత్తి, కొలిమి ఊదే తిత్తి. గాలి తప్ప లోపల ఏమీ లేదు. మా స్కూలు దారిలో కమ్మరి కొలిమి ఉండేది. ఆ సాయంత్రం పదిమందిమి అక్కడ నిలబడిపోయాం. ఆయన తిత్తి నొక్కినప్పుడల్లా నిప్పులు ఎర్రబడేవి, అది 'ఫూ...' అనేది, మేం 'ల్!' అని అందుకునేవాళ్లం. ఫూ... ల్! ఫూ... ల్! కాసేపటికి ఆయనకి చిర్రెత్తుకొచ్చి పట్టకారుతో లేచాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు గానీ, పిల్లలు వెక్కిరిస్తున్నారని తెలుసుకోవడానికి అది అక్కర్లేదు.

*

డన్స్ కథ మాత్రం మాస్టారు ఒక పూటంతా చెప్పారు. మిగతావన్నీ సరదాగా చెప్పినవారు, ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు.

ఇంగ్లండు సరిహద్దు దగ్గర స్కాట్లండులో డన్స్ అని ఒక ఊరు. అక్కడివాడు జాన్ డన్స్ స్కోటస్. మన లెక్కలో కాకతీయుల కాలం, రుద్రమదేవి ఏలుతున్న రోజులు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి. ఆక్స్‌ఫర్డులోనూ పారిస్‌లోనూ పాఠం చెప్పాడు. వెంట్రుకని నాలుగు చీలికలు చెయ్యగలిగిన తర్కం ఆయనది, అందుకే 'సూక్ష్మ పండితుడు' అని బిరుదు. 1308లో కొలోన్‌లో చనిపోయాడు, నిండా నలభై అయిదేళ్లు కూడా ఉండవు. రెండు వందల ఏళ్ల తర్వాత కొత్త చదువుల వాళ్లు వచ్చారు. ఆయన శిష్యులు పాత తర్కాన్ని పట్టుకుని వేలాడుతూ, కొత్త పుస్తకాలు వద్దన్నారు. వాళ్లని వెక్కిరించడానికి 'డన్స్ మనుషులు' అన్నారు. మనుషులు పోయి, డన్స్ మిగిలింది.

"అంతటి తెలివిగలవాడి పేరురా అది. మొద్దులకి పెట్టారు. ఆయన చేసిన తప్పేమిటి? శిష్యులు."

అని మా కేసి చూశారు. మాకు నవ్వు రాలేదు.

వాళ్ల బళ్లలో చదువు రానివాడి నెత్తిన పొడుగ్గా మొనదేలిన కాగితం టోపీ పెట్టి మూల నిలబెట్టేవారని కూడా చెప్పారు. మర్నాడు వెంకటేశులు కిరాణా కొట్లో వేరుశెనగకాయలు కట్టిన పొట్లం తిరగేసి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. 'వెం.' అని రెండుసార్లు ఎందుకు రాసి ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

డన్స్ స్కోటస్‌ని పోప్ 1993లో పుణ్యపురుషుల వరసలో చేర్చారు. పేపర్లో చిన్న ముక్క పడితే కత్తిరించి మాస్టారికి పోస్టు చేశాను. జవాబు కార్డు మీద ఒక్క వాక్యం: "ఆలస్యమైనా శిష్యుల పాపం కొంత కడిగారు."

*

నేరేడు చెట్టు కింద ఇంగ్లీషు మాస్టారికీ తెలుగు పంతులుగారికీ వాదాలు జరిగేవి. మా భాష గొప్పంటే మా భాష గొప్పని. మేం మంచినీళ్ల కుండ దగ్గర తచ్చాడుతూ వినేవాళ్లం. ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు 'సిల్లీ' ఎత్తుకున్నారు. పాత ఇంగ్లీషులో దానికి ధన్యుడు, దేవుడి దయ ఉన్నవాడు అని అర్థమట. ధన్యుడు కాస్తా అమాయకుడయ్యాడు, అమాయకుడు పాపం అయ్యాడు, చివరికి పిచ్చిమొహం అయ్యాడు. "చూశారా పంతులుగారూ, ఒక మాట ఎంత దిగజారిందో!"

పంతులుగారు ఉత్తరీయం సర్దుకుని తాపీగా, "దేవానాం ప్రియ" అన్నారు.

"అదేమిటి?"

"అశోకుడి బిరుదయ్యా. దేవతలకి ఇష్టమైనవాడు. గుత్తికి దగ్గర్లో ఎర్రగుడిలో రాళ్ల మీద చెక్కి ఉంది, వెళ్లి చూడు. మన వ్యాకరణం వాళ్లు ఏం చేశారో తెలుసా? భట్టోజీ దీక్షితులు కౌముదిలో 'దేవానాంప్రియ ఇతి చ మూర్ఖే' అన్నారు. మూర్ఖుణ్ణి దేవానాంప్రియుడనాలి, అంతే. చక్రవర్తినే దింపేశాం మేము. మీ సిల్లీ ఏపాటి?"

ఇంగ్లీషు మాస్టారు డబ్బా తీశారు. పంతులుగారు చెయ్యి చాపారు. ఇద్దరూ చెరో పట్టు పీల్చి ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. ఆయన పొడుం ఇంకొకరికి ఇవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ వారమే క్లాసులో గోథం ఊరి కథలు చెప్పారు. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఒక పల్లె. వసంతం వెళ్లిపోకుండా కోకిల చుట్టూ కంచె కట్టారట. అది పైనుంచి ఎగిరిపోతే, కంచె ఇంకా ఎత్తు కట్టాల్సింది అనుకున్నారట. జాన్ రాజు తమ ఊరి మీదుగా వెళ్లకుండా, కావాలనే వెర్రివాళ్లలా నటించారని కూడా అక్కడ చెప్పుకుంటారు. తర్వాత, పన్నెండు మంది చేపలు పట్టడానికి వెళ్లి, ఇంటికి బయల్దేరేముందు లెక్కపెట్టుకుంటే పదకొండు మందే తేలారు. ప్రతివాడూ తనని వదిలేసి లెక్కపెట్టాడు. మునిగిపోయినవాడి కోసం ఏడుపు.

"ఇది మన పరమానందయ్య శిష్యుల కథండీ!" అని అరిచాం. మండుతున్న కట్టె ముంచి ఏరు నిద్రపోయిందో లేదో చూసినవాళ్లు, అవతలికి దాటి ఇలాగే ఒక తల తక్కువైందని ఏడ్చినవాళ్లు, మా అమ్మమ్మ చెప్పిన మా శిష్యులు. వీళ్లు ఇంగ్లండు ఎప్పుడు వెళ్లారు?

"ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. తనని తాను లెక్కపెట్టుకోవడం మర్చిపోయేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు" అన్నారు మాస్టారు. అప్పుడు క్లాసులో నలభై ఒక్కమందిమి ఉన్నామని హాజరు వేసి, తన పేరు కలుపుకోలేదని గుర్తొచ్చి నవ్వారు.

*

ఇక్కడిదాకా చెప్పడం తేలిక. 'డల్' గురించి చెప్పడానికే కాస్త కష్టం.

నాన్నది అంబాజీపేటలో కొబ్బరి దళారీ పని. ఇంగ్లీషు ముక్క రాదు. కానీ నాన్నకి డల్ తెలుసు. మా వైపు సంతలో ఆ మాట తెలియనివాడు లేడు. "మార్కెట్ డల్", "బేరాలు డల్లు", "బొంబాయి పార్టీ డల్‌గా ఉంది". అది ఎప్పుడో తెలుగైపోయింది.

పదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక నాన్న స్కూలుకి వచ్చాడు. నన్ను కాలేజీలో వెయ్యాలా, తనతో సంతకి తిప్పుకోవాలా అని కనుక్కోవడానికి. మాస్టారు పేపర్లు దిద్దుతున్నారు, ముందు గుట్ట. తలెత్తకుండానే, "ఇంగ్లీషులో కాస్త డల్లండీ మీవాడు" అన్నారు.

తుమ్ము లేదు. డబ్బా లేదు. ఒట్టి మాట.

నాన్న "ఆయ్" అన్నాడు. అంతే. సైకిల్ వెనక కూర్చుని ఇల్లు చేరేదాకా నాన్న వీపే చూస్తూ ఉన్నాను. చెమటకి చొక్కా అంటుకుపోయి ఉంది. పదిహేడు తిట్లకీ రాని ఏడుపు ఆ ఒక్క మాటకి వచ్చింది. డండర్‌హెడ్ నేను కాదు. డల్ నేనే.

రాత్రి నేను నిద్రపోయాననుకుని మాట్లాడుకున్నారు.

"మాస్టారేమన్నారండీ?"

"డల్లంట."

"అంటే?"

"సరుకు కదలట్లేదని."

కాసేపు ఏమీ వినబడలేదు. లాంతరు ఒత్తి తగ్గించిన చప్పుడు.

"మరేం చేస్తారు?"

"డల్లున్నప్పుడు అమ్ముకునేవోడు ఎర్రోడు. అటకెక్కిద్దాం. కురిడీ అవుద్ది."

కోనసీమ బయటివాళ్లకి ఇది చెప్పాలి. ముదురు కాయల్ని అటక మీద పరిచి నెలల తరబడి అలా వదిలేస్తే లోపల నీళ్లు ఇంకిపోతాయి. కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా ఊడుతుంది. ఊపితే గలగలమంటుంది. అదే కురిడీ. పచ్చికాయ కంటే దానికి రేటు ఎక్కువ. ఓపిక మాత్రం కావాలి, ఎలకలతో పోరు ఎలాగూ తప్పదు.

అటక అంటే నా విషయంలో ఇంకో రెండేళ్ల చదువు. నన్ను సంతకి తీసుకెళ్లలేదు.

ఆ తర్వాత మాస్టారు నన్ను తిట్టడం మానేశారు. నేనేం తప్పు చదివినా "బాబూ, కూర్చో" అనేవారు. ఆ పిలుపు ఎవరికో నాకు తెలుసు కదా. కావాలని తప్పులు చదివి చూశాను. "బాబూ" అనే అన్నారు. మిగతావాళ్లు గోళీల్లా తిట్లు మార్చుకుంటుంటే నా జేబు ఖాళీ.

ఏడాది తిరిగాక, కాలేజీ సెలవుల్లో ఇంటికొస్తే నాన్న రెండు కురిడీలు సంచిలో వేసి "మాస్టారికిచ్చి రా" అన్నాడు. మాస్టారు ఒకటి చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపారు. గలగల.

"ఏమిట్రా ఇది?"

"కురిడీ అండీ. నాన్న ఇమ్మన్నారు. డల్లుగా ఉన్నప్పుడు అటకెక్కించిన కాయలంటండీ."

ఆయన మరోసారి ఊపారు. తర్వాత కళ్లజోడు తీసి అరుగు మీద పెట్టారు. డబ్బా. టక్ టక్. ఎడమ ముక్కు, కుడి ముక్కు. వసారా వాసాల కేసి చూస్తూ చాలాసేపు. తుమ్ము. రుమాలు.

"నిన్‌కంపూప్!"

ఎవర్నన్నారో చెప్పలేదు. అక్కడ నేను ఉన్నాను, కొబ్బరికాయ ఉంది, ఆయన ఉన్నారు. నేను మాత్రం ఇంటిదాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

*

మాస్టారి నోట ఎప్పుడూ రాని తిట్టు ఒకటుంది, 'ఇడియట్'. సినిమాల్లోనూ బస్సుల్లోనూ అందరూ వాడే మాట. ఎందుకనరు అని అడిగితే, "అది తిట్టు కాదురా, దాన్ని రోగం చేసేశారు" అన్నారు. గ్రీకులో ఊరి వ్యవహారాలు పట్టకుండా తన మానాన తానుండే మనిషిట ఇడియట్. అలా అయితే ఈ వయసులో నేనూ అంతే.

ఆయన మాట నాకు కోర్టు గుమస్తా పనిలో చేరాక అర్థమైంది. అప్పటికి 1912 నాటి లూనసీ చట్టమే నడుస్తోంది. అందులో 'లూనటిక్' ఎవరంటే 'ఇడియట్ గానీ, మతిస్థిమితం లేని మనిషి గానీ' అని నిర్వచనం. నా జాబితాలో తిట్ల పక్కన ఉండాల్సిన మాటని స్టాంపు కాగితాల మీద, కార్బన్ పెట్టి, మూడు కాపీలు టైపు కొట్టేవాణ్ణి. మిషన్ మీద 'ఐ' అక్షరం కాస్త పైకి పడేది.

ఒక కేసులో అన్నదమ్ముల ఆస్తి. తమ్ముడు ఇడియట్ అని, అతని వాటా చూసుకునే అధికారం తమకి కావాలని అర్జీ. ఆ తమ్ముడికి ముప్పై ఏళ్లుంటాయి. వరండాలో బల్ల మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుంటున్నాడు. నేను కాగితాలతో అటు వెళ్తుంటే ఒక తొన తీసి నా చేతిలో పెట్టాడు. గింజ కూడా తీసి పెట్టాడు. లోపల జడ్జిగారు అడిగారు, "రూపాయికి ఎన్ని పైసలు?" అతను నిదానంగా, "ఎవరి రూపాయండి?" అన్నాడు. ప్లీడర్లు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. ఆ వాక్యం కూడా నేనే టైపు చేశాను, ఇంగ్లీషులో అది అంత బాగా రాలేదు.

'మొరాన్' కూడా తిట్టుగా పుట్టలేదని అప్పుడే ఎక్కడో చదివాను. 1910లో గొడార్డ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రీకు మాట నుంచి కొత్తగా తయారుచేశాడు. బుద్ధి వయసు రెండేళ్లు దాటకపోతే ఇడియట్, మూడు నుంచి ఏడు అయితే ఇంబెసైల్, ఎనిమిది నుంచి పన్నెండు అయితే మొరాన్. గ్రేడులు. కొబ్బరికాయలకి వేసినట్టు. ఈ గ్రేడుల్ని పట్టుకుని అక్కడ మనుషులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. వర్జీనియాలో క్యారీ బక్ అనే అమ్మాయి కేసులో 1927లో అక్కడి సుప్రీంకోర్టు అది సరేనంది. మూడు తరాల ఇంబెసైల్స్ చాలని తీర్పులో రాసినాయన జస్టిస్ హోమ్స్, పెద్ద పేరున్న న్యాయమూర్తి. మాస్టారి పదిహేడులో ఏదీ ఎవరికీ అంత పని చెయ్యలేదు.

మన లూనసీ చట్టం పోయి 1987లో కొత్త చట్టం చేశారు, అమలుకి వచ్చింది 1993లో. ఇడియట్ అనే మాట అర్జీల్లోంచి పోయింది. బయట మాత్రం హాయిగా తిరుగుతోంది.

*

సరే, నా పేరు.

'బి'లో లేదు. 'ఎన్' దగ్గర దొరికింది, నమ్‌స్కల్ పక్కన. బ్రాకెట్లో 'నమస్కారం' అని రాసుకున్నారు, నవ్వుకునే రాసి ఉంటారు. నిన్‌కంపూప్ పక్కన రెండుసార్లు. ఈ మాట లాటిన్లో మతి స్థిమితం లేదనే 'నాన్ కంపోస్' నుంచి వచ్చిందని 1755లో తన నిఘంటువులో డాక్టర్ జాన్సన్ రాశాడు, తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతేనే నాకు బాగుంది. కోర్టు కాగితాల్లో ఆ లాటిన్ చాలా కొట్టాను.

ఆ జాన్సనే 'డల్' దగ్గర, దానికి ఉదాహరణగా, నిఘంటువులు తయారుచెయ్యడం డల్ పని అని రాసుకున్నాడు. మాస్టారికి ప్రాణం ఆ ముక్కంటే, ఏడాదికోసారైనా చెప్పేవారు. నేను పదో తరగతికి వచ్చిన ఏడాది చెప్పినట్టు గుర్తులేదు.

డల్ ఉన్న పేజీ అన్నిటికంటే మాసి ఉంది. అంచులో పేరేమీ లేదు. పేరు ఉండాల్సిన చోట కాగితం పలచబడి గరుగ్గా తగిలింది. రబ్బరుతో గట్టిగా, ఒకటికి నాలుగుసార్లు చెరిపినట్టుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. పెన్సిల్ మొన దిగిన గాడి ఒకటి లీలగా ఉంది. నా అక్షరమే కావచ్చు. ఇంకెవరిదన్నా కూడా కావచ్చు, ఆయన ఎన్ని వందలమందికి పాఠం చెప్పారో. ఇంకాస్త దగ్గరగా చూద్దామని మొహం ఆనించాను.

తుమ్ము వచ్చేసింది.